వెబ్ డెవలప్‌మెంట్, డిజైన్ చదవడానికి బెంగళూరు రావాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి జూలై దాకా నా ఫోను మోగుతూనే ఉంటుంది. మాది హిందూపురం. పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరులో వెబ్‌సైట్లు తయారు చేసే పనిలో ఉన్నాను. మా ఊరివాళ్ళు, వాళ్ళ బంధువులు, కదిరి నుంచో మదనపల్లె నుంచో ఎవరో నంబరు ఇస్తే చేసేవాళ్ళు, అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. పిల్లలు "అక్కా" అని మొదలుపెడతారు, వాళ్ళ నాన్నలు "అమ్మా, మావాడికి ఒక దారి చెప్పమ్మా" అంటారు. ఫోనులో హడావిడిగా చెప్పిన మాట సగమే చేరుతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాశాను.

వెబ్ డెవలప్‌మెంట్ అనే పేరుతోనే డిగ్రీ ఉందా?

ఆ పేరుతో డిగ్రీ ఇచ్చే కాలేజీలు అరుదు. ఈ పనిలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మూడు దారుల్లో ఒకదాని నుంచి వచ్చినవాళ్ళే. మొదటిది బీసీఏ. రెండోది కంప్యూటర్ సైన్స్‌లో ఇంజనీరింగ్. మూడోది డిజైన్ డిగ్రీ, అంటే బీడెస్, లేదా ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో అప్లైడ్ ఆర్ట్.

మీకు ప్రోగ్రామింగ్ ఇష్టమై, ఇంజనీరింగ్ ఫీజుల భారం వద్దనుకుంటే బీసీఏ మంచి దారి. బెంగళూరులో బీసీఏ లేని డిగ్రీ కాలేజీని వెతకడమే కష్టం. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ళ డిగ్రీ పద్ధతి తెచ్చారు, 2024-25 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కింద ఉన్న కాలేజీల్లో మళ్ళీ మూడేళ్ళకు మార్చారు. డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ళ ఆనర్స్ కూడా నడుపుతున్నాయి. చేరే ముందు మీ కోర్సు ఎన్నేళ్ళో కాగితం మీద చూసుకోండి. బీసీఏ తర్వాత ఎంసీఏ చేయాలనుకునేవారికి అది ఇప్పుడు రెండేళ్ళే.

ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివినా వెబ్ అనేది ఒకటి రెండు సబ్జెక్టులకు మించదు. మిగిలినదంతా డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నెట్‌వర్కులు, డేటాబేస్‌లు. అది వృథా అని నేను అనను. ఒక పేజీ నెమ్మదిగా తెరుచుకుంటున్నప్పుడు తప్పు సర్వరులో ఉందా, డేటాబేస్‌లో ఉందా, దారిలో ఉందా అని వెతకాలంటే ఆ చదువే అక్కరకు వస్తుంది. కానీ వెబ్ నేర్పుతారనే ఒక్క ఆశతో ఇంజనీరింగ్‌లో చేరితే నిరాశ తప్పదు.

డిజైన్ డిగ్రీ వేరే లోకం. అక్కడ ప్రోగ్రామింగ్ తక్కువ, చూడడం, గీయడం, మనుషులతో మాట్లాడి వాళ్ళ ఇబ్బంది ఏమిటో కనుక్కోవడం ఎక్కువ. ఫీజులు కూడా ఎక్కువే, ముఖ్యంగా ప్రైవేటు సంస్థల్లో.

డెవలప్‌మెంట్ వేరు, డిజైన్ వేరు అంటారు. రెండింట్లో ఏది తీసుకోవాలి?

కంపెనీల్లో వేరే. ఒకరు పేజీ ఎలా కనిపించాలో, ఏది నొక్కితే ఏమవ్వాలో ఆలోచిస్తారు. ఇంకొకరు దాన్ని హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ అనే వెబ్ భాషలతో కడతారు. వెనకాల డేటా చూసుకునేవారు మరొకరు. కానీ పదిహేడేళ్ళ వయసులో ఈ గోడ మీరే కట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. చిన్నదైనా సరే, ఒక పేజీని మొదటి గీత నుంచి ఫోనులో తెరుచుకునేదాకా మీరొక్కరే చేసి చూడండి. అక్షరం ఎంత ఉండాలి, రంగు ఏది, ఫారం నింపాక తప్పు చూపించాలంటే ఎక్కడ చూపించాలి, ఇవన్నీ మీరే తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మీ మనసు ఎటు లాగుతుందో మీకే తెలుస్తుంది. నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి బీసీఏ చదివి కోడ్ రాయడానికి వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే అందరి ఫారాల్లో తప్పులు పట్టి, ప్రశ్నలు తిరగరాసి పెట్టేది. ఇప్పుడు పూర్తిగా డిజైన్ పనే చేస్తోంది. ఇది మూడేళ్ళ ముందు ఇంట్లో కూర్చుని ఎవరూ ఊహించగలిగేది కాదు.

నాది బైపీసీ. నాది సీఈసీ. నాకు అవకాశం ఉందా?

ఉంది. ఇంజనీరింగ్‌కు గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి కాబట్టి ఆ దారి మూసుకుంటుంది. బీసీఏకు చాలా కాలేజీలు ఏ గ్రూపు వారినైనా తీసుకుంటాయి. కొన్ని మాత్రం గణితం గానీ కంప్యూటర్ సైన్స్ గానీ అడుగుతాయి, ముందే కనుక్కోండి. ఎంసీఏ ఆలోచన ఉంటే, ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ గణితం చదివి ఉండాలన్న నిబంధన చాలా చోట్ల ఉందని గుర్తుంచుకోండి. బీడెస్ ప్రవేశ పరీక్షలకు గ్రూపుతో పనే లేదు.

మా పాపకు బొమ్మలు అంతగా రావు. డిజైన్ చదవగలదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి తల్లికీ నేను మెజెస్టిక్ గురించి చెబుతాను. మెజెస్టిక్‌లో రైలో బస్సో దిగి మెట్రో స్టేషన్‌లోకి వెళ్ళినప్పుడు చుట్టూ చూడండి. ఊదా రంగు మార్గం, ఆకుపచ్చ మార్గం అక్కడ కలుస్తాయి. 2025 ఆగస్టులో పసుపు మార్గం కూడా ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మొదలైంది. మార్గాలకు రంగుల పేర్లు పెట్టడం ఎంత తెలివైన పనో, కన్నడం గానీ ఇంగ్లీషు గానీ చదవలేని మనిషి నేల మీది రంగు గీత పట్టుకుని నడిచినప్పుడు తెలుస్తుంది. అదే సమయంలో రంగులు సరిగా గుర్తుపట్టలేని మనిషికి అక్కడ ఏం జరుగుతుంది? ఈ రెండో ప్రశ్న మీ పాపకు తనంతట తానే తోచిందనుకోండి, ఆమె డిజైన్ చదవాల్సిన పిల్ల.

బొమ్మలు గీయడం సాధనతో వస్తుంది. ఐఐటీల బీడెస్ కోసం ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్షలో కంప్యూటర్ మీద రాసే భాగం ఒకటి, చేత్తో గీసే భాగం ఒకటి ఉంటాయి. గీసే భాగంలో అందమైన బొమ్మ కన్నా ఆలోచన స్పష్టంగా కాగితం మీదికి రావడం ముఖ్యం. మన వాళ్ళకు దగ్గర్లో ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ ఉంది, దానికీ యూసీడే. పరీక్ష జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. ఇంటర్ పరీక్షలయ్యాక ఫోను చేసి యూసీడ్ గురించి అడిగేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఏడాది పోయినట్టే కదా! వరుసగా రెండేళ్ళలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు కూడా.

ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరులోనే ఉంది కదా. ఇంటర్ తర్వాత అక్కడ చేరవచ్చా?

చేరలేరు. తుమకూరు రోడ్డులో ఉన్న ఎన్‌ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో ఎండెస్ మాత్రమే ఉంది, అంటే డిగ్రీ అయ్యాకే. ఇంటరాక్షన్ డిజైన్ అనే శాఖ అక్కడ ఉంది, వెబ్ పనికి చాలా దగ్గర. ఇంటర్ తర్వాత బీడెస్ కావాలంటే ఎన్‌ఐడీ అహ్మదాబాద్, లేదా మన ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఉన్నాయి. పరీక్ష ఒకటే, డాట్ అంటారు, ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు. ఆంధ్రప్రదేశ్‌లోనే ఎన్‌ఐడీ పెట్టుకుని బెంగళూరుకు దారి అడిగే తల్లిదండ్రులు ఎందరో.

బెంగళూరులోనే డిజైన్ చదవాలంటే యలహంకలో సృష్టి మణిపాల్ ఉంది, 1996లో స్థాపించారు, ఫీజు బాగా ఎక్కువ. కుమారకృపా రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తు వారి కళాశాలలో దృశ్యకళల డిగ్రీ ఉంది. అక్కడ చదివినవారికి అక్షరాల మీద, కూర్పు మీద మంచి పట్టు ఉంటుంది, కోడ్ మాత్రం సొంతంగా నేర్చుకోవాలి. ఏటా జనవరిలో పరిషత్తు చుట్టూ రోడ్ల మీద చిత్రసంతె జరుగుతుంది. వీలుంటే ఆ రోజు పాపను తీసుకుని రండి.

కర్ణాటక సీఈటీ రాసి ప్రభుత్వ కోటా సీటు తెచ్చుకోవచ్చా?

సాధారణంగా కుదరదు. ఆ సీట్లు కర్ణాటకలో నిర్ణీత సంవత్సరాలు చదివినవారికి, మరికొన్ని ప్రత్యేక వర్గాలకు. బయటి రాష్ట్రాలవారికి ఇంజనీరింగ్‌లో తెరిచి ఉన్న దారి కామెడ్‌కే పరీక్ష. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సొంత పరీక్షలు పెడతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. మే, జూన్ నెలల్లో మీ నంబరు ఎలా తెలుస్తుందో గానీ "బెంగళూరులో సీటు ఇప్పిస్తాం" అని కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వస్తాయి. ఉన్న సీటుకే "బ్లాక్ చేశాం, ఈ రాత్రికి యాభై వేలు పంపండి" అంటారు. డబ్బు కాలేజీ ఖాతాకు తప్ప ఎవరి సొంత ఖాతాకూ పంపవద్దు. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. అసలు సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. పరిశీలనకు చూపించండి, తిరిగి తెచ్చుకోండి. మా పెదనాన్న మనవడు ఒక కాలేజీ వద్దనుకుని ఇంకొక చోట చేరడానికి, తన పదో తరగతి మెమో వెనక్కి తెచ్చుకోవడానికి నలభై రోజులు తిరిగాడు. ఆ నలభై రోజుల్లో రెండో కాలేజీలో సీటు పోయింది.

కాలేజీ చూడడానికి వెళ్ళినప్పుడు ఏం అడగాలి?

భవనం చూపిస్తారు, ఏసీ గదులు చూపిస్తారు, గోడ మీద కంపెనీల పేర్లు చూపిస్తారు. మర్యాదగా చూసి, పోయిన ఏడాది చివరి సంవత్సరం విద్యార్థులు చేసిన వెబ్ ప్రాజెక్టుల చిరునామాలు ఇవ్వమనండి. ప్రాజెక్టు రిపోర్టు పుస్తకం వద్దు, ఫోనులో తెరుచుకునే చిరునామా కావాలి. ఒక్కటి కూడా తెరుచుకోకపోతే, లేదా తెరుచుకున్నవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే, అక్కడ వెబ్‌ను ఎలా నేర్పుతున్నారో అర్థమవుతుంది. ప్రాజెక్టులు బయట డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు ఎంత పాతుకుపోయిందో ఇంజనీరింగ్ చదివిన ఎవరిని అడిగినా చెబుతారు.

తర్వాత ల్యాబ్. సాయంత్రం ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుంది? ఇంటర్నెట్ ఉందా? పరీక్షలో హెచ్‌టీఎంఎల్‌ను కాగితం మీద రాయిస్తారా, కంప్యూటర్ మీద చేయిస్తారా? కాగితం మీద రాయించే కాలేజీలు చాలానే ఉన్నాయి, అది ఒక్కటే చూసి వద్దనుకోకండి. కానీ ల్యాబ్ కూడా వారానికి రెండు గంటలే అయితే ఆలోచించండి.

పాఠం చెప్పే వారిలో ఒక్కరితోనైనా మాట్లాడండి. "సర్, ఇటీవల మీ విద్యార్థి చేసిన దానిలో మీకు నచ్చింది ఏమిటి?" అని అడగండి. ఈ ప్రశ్నకు ముఖం వెలిగి, పిల్లవాడి పేరు చెప్పి, వాడు ఏం చేశాడో పది నిమిషాలు చెప్పిన మేష్టారు ఒకాయన నాకు తారసపడ్డారు. పెద్ద పేరున్న కాలేజీ కాదు. మా తమ్ముడి కొడుకును అక్కడే చేర్పించాం.

చివరగా క్యాంటీన్‌కు వెళ్ళండి. మధ్యాహ్నం వేళ ఏదో ఒక బల్ల దగ్గర తెలుగు వినిపిస్తుంది, బెంగళూరులో అది ఖాయం. ఉద్యోగాల సంగతి ఆ పిల్లలను అడగండి. ఎంతమందికి వచ్చాయని కాకుండా, వెబ్ పనిలో ఎంతమందికి వచ్చాయి, అందులో ఎంతమందికి బాండు రాయించుకున్నారు అని అడగండి.

నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు లేకుండా ఇది నెట్టుకురాగలనా?

చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు కావాలి. అది ఏడాదిలో వస్తుంది, పని చేస్తూ చేస్తూ వస్తుంది. మోజిల్లా వారి ఎండీఎన్ అనే ఉచిత పాఠ్య సమాచారం రోజూ ఒక పేజీ చదివితే చాలు. హెచ్‌టీఎంఎల్‌లో వాడే మాటలు నూరు దాకా ఉంటాయి, వాటిలో రోజూ పనికొచ్చేవి ముప్పై. మాట్లాడే ఇంగ్లీషు కోసం వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరే ముందు, మీరు చేసిన పేజీ గురించి మీ స్నేహితుడికి ఇంగ్లీషులో అయిదు నిమిషాలు చెప్పడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది కూడా అదే.

తెలుగు మీడియంలో చదివామన్నది లోపంలా చెప్పుకునే పిల్లలను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మీ చేతిలో ఉన్నది ఈ ఊళ్ళో చాలామంది డెవలపర్లకు లేనిది. కింది ప్రశ్న చదవండి.

తెలుగులో వెబ్‌సైట్లు చేయడం అనే పని నిజంగా ఉందా? అందులో నేర్చుకోవడానికి ఏముంది?

ఉంది, నేర్చుకోవడానికి చాలా ఉంది. నేను ఈ పనిలో గడిపిన కాలంలో ఎక్కువ ఆనందం, ఎక్కువ కోపం రెండూ దీని వల్లే.

"లక్ష్మి" అనే పేరు తీసుకోండి. చదివేవారికి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. జావాస్క్రిప్ట్‌ను పొడవు ఎంత అని అడిగితే ఏడనే చెబుతుంది. పేరు పదిహేను అక్షరాలకు మించకూడదని ఇంగ్లీషును మనసులో పెట్టుకుని ఫారం చేసినవాళ్ళు తెలుగు పేరును నడుమ తెగ్గొడతారు. ఫొటో లేని చోట పేరులోని మొదటి అక్షరం గుండ్రంగా చూపించే అలవాటు ఉంది కదా, అక్కడ "శ్రీను" పేరుకు "శ" అని వస్తుంది. శ్రీను ఎప్పుడైనా తన పేరు "శ"తో మొదలవుతుందని అనుకుంటాడా? "శ్రీ" కదా ఆయన మొదటి అక్షరం! ఇది పట్టుకోగలిగేది తెలుగు చదివిన డెవలపరే.

"సాఫ్ట్‌వేర్" అన్న మాట చూడండి. మామూలుగా టైపు చేస్తే "సాఫ్ట్వేర్" అని వస్తుంది, "వ" వెళ్ళి "ట" కింద వత్తుగా చేరుతుంది. రెండింటినీ విడదీయడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది కనిపించదు కానీ వెతుకులాటలో లెక్కకు వస్తుంది. ఒకరు దానితో రాసి, ఇంకొకరు అది లేకుండా వెతికితే, ముందుజాగ్రత్త పడని వెబ్‌సైట్‌లో ఏమీ దొరకదు.

వరుసల మధ్య దూరం ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరానికి పైనా కిందా పెద్దగా ఏమీ ఉండదు. మనకు పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఇంగ్లీషు కోసం పెట్టిన దూరాన్ని అలాగే వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస తలకట్ల మీద కూర్చుంటాయి. అక్షరం పరిమాణానికి కనీసం 1.6 రెట్లు వరుస ఎత్తు ఇవ్వమని నేను మా పిల్లలకు చెబుతాను. బటన్‌కు ఎత్తు బిగించి పెడితే "రద్దు" అన్న మాటలో ద వత్తు సగం కోసుకుపోతుంది. బ్యాంకు యాప్‌లో ఆ మాట చదవలేని పెద్దావిడను మా వీధిలోనే చూశాను.

ఫాంట్ల సంగతి. పాత పత్రికలు, ముద్రణాలయాలు అను ఫాంట్లలో కూర్చిన సమాచారం కుప్పలుగా ఉంది. దాన్ని తెచ్చి వెబ్‌లో పెడితే చెత్త గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చారు. ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో మాత్రం తెలుగుకు సొంతంగా 128 స్థానాల గడి 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే ఉంది. దాని పక్క గడే కన్నడానిది. ఇప్పుడు ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, గురజాడ. చదివే వ్యాసానికి రామభద్ర పెట్టకండి, అది శీర్షికలకు. ఇలా ఏది ఎక్కడ పెట్టాలో తెలియడమే టైపోగ్రఫీ. మన భాషలో అది తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెట్టాలి. అది పెడితేనే, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకోగలుగుతుంది. లేకపోతే తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి గజిబిజి చేస్తుంది, లేదా వదిలేస్తుంది. ఇది దయతో చేసే పని అనుకోవద్దు. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచి ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఎలా ఉండాలో చెప్పే, ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు, వెనకాల రంగుకు మధ్య తేడా 4.5:1 ఉండాలి. తెల్లటి కాగితం మీద లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉన్నాయనుకునే వయసు మీది. ఎండలో బస్టాండులో నిలబడి చదవాల్సిన వయసు మీ నాన్నది.

ఈ సాధనకు ఉద్యోగం దొరికేదాకా ఆగక్కరలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది, దానిలో ఎవరైనా రాయవచ్చు, సాంకేతిక పనుల్లోనూ చేయి కలపవచ్చు. నేను వత్తుల గొడవలు నేర్చుకున్నది అలాంటి ఉచిత పనిలోనే.

ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ డిగ్రీ గురించి విన్నాం. వెబ్‌కు పనికొస్తుందా?

డేటా సైన్స్ పేరుతో ఉన్న బీఎస్ కోర్సు అది. పేరు చూసి వదిలేస్తారు గానీ, దాని డిప్లొమా దశలో మోడర్న్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ అని రెండు భాగాల పాఠం, దానితో పాటు ప్రాజెక్టు ఉన్నాయి. వెబ్ అప్లికేషన్ మొదటి నుంచి చివరిదాకా కట్టిస్తారు. జేఈఈ అక్కరలేదు, వాళ్ళు పెట్టే అర్హత దశ దాటాలి. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్ళి రాయాలి. కుటుంబ ఆదాయాన్ని, వర్గాన్ని బట్టి ఫీజు రాయితీలు ఉన్నాయి. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది కాబట్టి కొందరు బీసీఏతో పాటు ఇదీ చదువుతున్నారు. మొదటి ఏడాదిలోనే రెండూ నెత్తిన వేసుకోవద్దు. గణితం, గణాంకాలు గట్టిగా ఉంటాయి.

డిగ్రీ ఎందుకు, మూడు నెలల కోచింగ్ చాలంటున్నారు కదా?

నేను అలా వచ్చినదాన్నే, కాబట్టి అనుభవంతో చెబుతున్నాను. హిందూపురంలో డిగ్రీ అయ్యాక బెంగళూరు వచ్చి ఒక శిక్షణ సంస్థలో చేరాను. నూరు శాతం ఉద్యోగం అన్నారు. నాన్న వేరుశనగ అమ్మిన డబ్బు కట్టాం. ఉద్యోగం పేరుతో వాళ్ళు పంపింది డేటా ఎంట్రీకి. అక్కడ నాకు ఎక్కువ శ్రద్ధగా నేర్పింది ఫ్లాష్, వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలకు అప్పట్లో వాడేవారు. దాన్ని అడోబి 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆపేసింది. ఆ కోర్సులో ఈనాటికీ నాకు పనికొస్తున్నవి, ఒక మేడమ్ రెండు వారాలు చెప్పిన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్. సీఎస్ఎస్ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది, అందులో ఉన్నది ఇప్పటికీ బ్రౌజర్లలో పనిచేస్తుంది.

డిగ్రీ చదువుతూ సెలవుల్లో కోచింగ్ తీసుకోవడం వేరు, డిగ్రీ బదులు కోచింగ్ వేరు. చాలా కంపెనీలు దరఖాస్తు దశలోనే డిగ్రీ ఉందా అని చూస్తాయి. ఉద్యోగం హామీ అని ఎవరైనా అంటే ఆ మాట సంతకంతో రాసివ్వమనండి.

ఏఐ పేజీలు తయారు చేసేస్తోంది. నాలుగేళ్ళ తర్వాత ఈ పని మిగులుతుందా?

పని మారుతుంది, ఇప్పటికే మారింది. మామూలు ఇంగ్లీషు పేజీ తొలి రూపం నిమిషాల్లో వస్తోంది. కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే చిన్న పనులు తగ్గాయి, ఇది దాచిపెట్టి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే కాలేజీలో ఉండగానే అసలైన మనుషుల కోసం అసలైన పని చేసి ఉండాలి. ఒక ప్రయోగం చేయండి. ఏఐని మీ ఊరి పాల సొసైటీ కోసం తెలుగు పేజీ చేయమనండి. వచ్చినదాన్ని పాలు పోసే ఒకావిడకు ఫోనులో చూపించి, ఈ నెల డబ్బు ఎంత వచ్చిందో కనుక్కోమనండి. ఆమె ఎక్కడ ఆగిందో, ఏ మాట దగ్గర నొసలు చిట్లించిందో రాసుకోండి. ఆ రాసుకున్నదే మీరు నేర్చుకోవాల్సిన పాఠం.

లాప్‌టాప్ ఎలాంటిది కొనాలి?

ఖరీదైనది వద్దు. 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టవచ్చు, 16 ఉంటే నాలుగేళ్ళూ నిశ్చింత. ఎస్ఎస్‌డీ తప్పనిసరి. కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ ఉచితం, డిజైన్‌కు ఫిగ్మా విద్యార్థులకు ఉచితం, పెన్‌పాట్ అందరికీ ఉచితం. చేసిన పేజీని గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు.

డబ్బు సంగతి? ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందా?

మన రాష్ట్రాల రీయింబర్స్‌మెంటు బెంగళూరు కాలేజీకి వర్తిస్తుందన్న నమ్మకంతో బయల్దేరవద్దు. చేరకముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికైన సంస్థల్లో చదివేవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం దొరుకుతుంది. ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు పది లక్షల దాకా రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చు కలిపి లెక్క వేయండి, బెంగళూరులో చాలామందిని దెబ్బతీసేది అదే. మీ జిల్లాలో మంచి బీసీఏ ఉండి, ఇంటి దగ్గర తిండి, నిద్ర దొరుకుతాయంటే, అక్కడే చదివి ఇంటర్న్‌షిప్‌కు బెంగళూరు రమ్మని నేనే చాలామందికి చెప్పాను.

అమ్మాయిని పంపవచ్చా? కన్నడం రాదే?

పంపండి. కాలేజీ హాస్టల్ దొరికితే మొదటి ఏడాది అందులోనే ఉంచండి. పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) పెట్టాల్సి వస్తే కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలో చూడండి, అద్దె వెయ్యి ఎక్కువైనా పరవాలేదు. ఇక్కడి ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోగొట్టుకునే పిల్లలకు రాత్రి కూర్చుని పని చేసే ఓపిక ఉండదు. కన్నడం నెలలో చదవడం వచ్చేస్తుంది, లిపి మనకు అంత దగ్గర. "స్వల్ప స్వల్ప బరుత్తె" (కొంచెం కొంచెం వచ్చు) అంటూ మొదలుపెడితే ఎదుటివాళ్ళు ఎంత ఆదరిస్తారో చూస్తారు.

పరీక్షలు అయిపోయాయి, కాలేజీకి రెండు నెలలు ఉంది. ఈలోగా ఏం చేయాలి?

మీ ఊరి బస్టాండుకు ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళండి. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడికి, ఏది పల్లెవెలుగు, ఏది ఎక్స్‌ప్రెస్ అని కంట్రోలర్‌ను అడిగి రాసుకోండి. జనం ఎక్కువగా ఏం అడుగుతున్నారో పక్కన నిలబడి వినండి. ఇంటికి వచ్చి ఒకే ఒక్క పేజీ చేయండి, తెలుగులో, జావాస్క్రిప్ట్ లేకుండా, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లతో మాత్రమే. గిట్‌హబ్‌లో పెట్టి, చిరునామాను ఆ కంట్రోలర్‌కు పంపండి. ఆయన ఫోనులో, ఆయన ఎదురుగా నిలబడి, ఎండలో తెరిచి చూడండి. తప్పులు ఆయనే చెబుతారు. దిద్ది మళ్ళీ పంపండి. జూలైలో నాకు ఫోను చేసినప్పుడు ముందుగా ఆ చిరునామా పంపించండి, చూసి మాట్లాడుకుందాం.